ఎదురు గిడ్డంగిలో వెండి

బావా,

మా గిడ్డంగిలో వెండి నిల్వ సగానికి పడిపోయిందని పత్రికలో చదివి, అక్క కంటి ఆపరేషన్‌కు దాచిన డబ్బంతా వెండి మీద పెడతానన్నావట. ఆ తగ్గిన సగాన్ని బండి మీద బయటికి తోసింది నేనే. ఎక్కడికో తెలుసా? వీధి అవతలి గిడ్డంగికి! అక్కడ అద్దె తక్కువని ఆ వెండి యజమాని మార్పించాడు. మా లెక్కలో తగ్గింది గానీ లోకంలో తగ్గలేదు. ఆ దిమ్మలు తోసీ తోసీ నా నడుం పడిపోయింది. అది మాత్రం ఏ పత్రికా రాయదు. కొరత కొరత అని కేకలేసేవాడు ముందే కొనిపెట్టుకుని ఉంటాడు బావా. నీలాంటివాడికి అంటగట్టడానికే ఆ కేకలు.

వెండి పెరగదని నేననను. పెరిగితే నన్ను తిట్టు, పడతాను. అక్క నన్ను గొంతునుబట్టి పోల్చుకునే రోజు మాత్రం తేకు.

నీ బావమరిది