సెర్వా అమ్మ కార్డుల రంగు

ఎన్‌టోన్సో,
మంగళవారం, 11 మార్చి 1986

మన ఇంటి పెద్ద, గౌరవనీయులైన అంపోన్సా మామయ్య గారికి,

మీ మేనల్లుడు అజేయి వినయంగా నమస్కరించి రాస్తున్నది. కుమాసిలో మీరు, అత్తయ్య, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నాకు కోపం తప్ప మరే అనారోగ్యమూ లేదు.

ఆదివారం కుటుంబ సమావేశంలో నన్ను మధ్యలోనే బయటికి పంపేశారు కాబట్టి ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది. నన్ను గెంటినంత తేలిగ్గా కాగితాన్ని గెంటలేరు. చించేస్తారేమో. చించేలోగా కొన్ని వాక్యాలైనా మీ కంట పడతాయి.

సెర్వా అమ్మ అంత్యక్రియలకు పిలుపు కార్డులు మూడు వందలు, అన్నీ ఎర్ర రంగు మీద నల్ల ముద్రతో, బుధవారానికల్లా తయారు కావాలన్నారు. డెబ్భై ఎనిమిదేళ్ళు బతికిన మనిషికి ఎరుపా? అర్ధాయుష్షుతో పోయిందా ఆవిడ? నిండుగా బతికిన వాళ్ళను తెల్లబట్ట కట్టుకుని సాగనంపడం మన పద్ధతి కాదా? మొన్న క్రిస్మస్ ముందు పోయిన కల్లు దుకాణం ముసలాయన సంగతే చూడండి. బతికినన్నాళ్ళూ తాగి ఇద్దరు భార్యలను ఏడిపించాడు. ఆయనకు తెల్ల కార్డులు వేసింది నేనే. తెల్లబట్ట కట్టుకుని ముందు వరసలో కూర్చున్నది మీరే. ఆయనకున్న ఘనత ఏమిటయ్యా అంటే తొమ్మిది మంది పిల్లలు!

మీరన్న మాట నా చెవుల్లో ఇంకా గింగురుమంటోంది. “పిల్లా పీచూ లేని మనిషికి తెల్లబట్టలు కట్టి ఏం పండగ చేసుకుంటున్నార్రా అని నలుగురూ నవ్వరూ?” అన్నారు.

మరి నేనెవర్ని మామయ్యా? మా అమ్మకు అక్క అయిన ఆవిడను ఏనాడైనా అమ్మా అని కాక మరోలా పిలిచానా? తల్లి అక్కచెల్లెళ్ళందరూ తల్లులేనని నాకు చెప్పింది మీరే కదా. పొలాలు పంచుకునేటప్పుడు ఆ నియమం మన పెద్దలందరికీ కంఠతా వస్తుంది. ఒక ఆడమనిషి కార్డుకు రంగు వేసేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. కుమాసి బస్టాండులో నేను కొనుక్కునే కరపత్రాల్లో ఒకదాంట్లో చదివాను, చేతిపని చేసేవాళ్ళ గౌరవాన్ని ముందుగా దోచుకునేది వాళ్ళ సొంత ఇల్లేనని. అది చదివి వినిపించబోతే “ఒరేయ్ కరపత్రం, కూర్చోరా! నీ మీసం ఇంకా అచ్చు కాలేదు” అన్నారు. అందరూ నవ్వారు. పోయిన మనిషి గురించి మాట్లాడుతున్న చోట నవ్వులు!

నవ్విన వాళ్ళలో సగం మంది ఆవిడ నేర్పిన పని మీదే అన్నం తింటున్నారు. సొరబుర్ర పెంకు మీద ముద్ర చెక్కి బట్టల మీద అద్దడం మన ఊళ్ళో మగవాళ్ళకు ముందే తెలుసు. ముద్రలు బట్టల మీదే కాదు, కాగితం మీద కూడా బతుకుతాయని చూపించింది సెర్వా అమ్మ. మిషన్ స్కూలు వాళ్ళు పారేసిన నీళ్ళరంగుల పెట్టె తెచ్చి, వీధి అరుగు మీద కూర్చోబెట్టి వంద మందికి నేర్పింది. కాగితాన్ని ముందు తడపాలి. రంగును కుంచెతో రుద్దకూడదు, తడి మీద వదిలి దాని దారిన దాన్ని పోనివ్వాలి. తళతళ పోయేదాకా ఆగాలి. అప్పుడు వేలి వెనక భాగం ఆనించి చూడాలి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే, ముద్ర వేస్తే సిరాగా వాడే బెరడు రసం పాకిపోతుంది. తొందరపడి నేను పాడుచేసిన కార్డులు చూసి, “నీ కోపం ఆరేలోపు కాగితం ఆరుతుందిలే నాయనా, ఆగు” అనేది.

నిన్న మీ మాట మీద గౌరవంతో ఒక ఎర్ర కార్డు వేసి చూశాను. దూఫీ అత్త, తెలుసుగా, ముప్పై ఏళ్ళు అమ్మ పక్కనే కూర్చుని ముద్రలు వేసిన మనిషి, దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. “బాగుందిరా. ఎవరిదీ, లారీ కింద పడ్డ కుర్రాడిదా?” అంది. “అంపోన్సాకి చెప్పు, ఎర్రవి కావాలంటే కుమాసిలో ఏ ప్రెస్సులోనైనా గంటలో కొట్టిస్తారు. నా చెయ్యి మాత్రం లేవదు, వాతం పట్టింది” అని కూడా అంది. ఆ వాతం నిన్న పొద్దున్నే పట్టింది మామయ్యా, ఆదివారం దాకా లేదు.

ఒక్క సంగతి చెప్పనివ్వండి. అమ్మ పెట్టెలో తెల్లరంగు బిళ్ళ లేదు, ఉండదు కూడా. తెల్లగా ఉండాలనుకున్న చోట ముందే కొవ్వొత్తి రుద్దుతాం, రంగు అక్కడ నిలవకుండా జారిపోతుంది. లేదా ఆ చోటు జోలికే పోకుండా వదిలేస్తాం. మీరు ఆవిడకు కొత్తగా ఇవ్వాల్సింది ఏదీ లేదు. ముట్టుకోకుండా వదిలేస్తే చాలు. అది కూడా బరువైపోయిందా మీకు?

అన్నిటికన్నా ముఖ్యమైనది, సమావేశంలో చెప్పిందే మళ్ళీ చెబుతున్నాను. ఆస్పత్రి మంచం మీద సెర్వా అమ్మ తన నోటితో తనే నాకు తెల్లవి వెయ్యమని చెప్పింది. మీరు “సాక్షి ఎవడ్రా?” అన్నారు. కొడుకు మాటకు సాక్షి కావాలా? పోయిన మనిషి కోరికను కాదనే హక్కు ఇంటి పెద్దకైనా లేదు.

ఇరవై రెండో తారీఖు శనివారం నాడు మీ చేత్తో జిన్ను సారా నేల మీద పోసి పోయిన పెద్దలను పిలుస్తారు. ఆ పెద్దల్లో ఇప్పుడు ఆవిడ కూడా ఉంది. ఏ ముఖంతో పిలుస్తారో ఆలోచించుకోండి.

అత్తయ్యకు నా నమస్కారాలు.

మీరు కాదన్నా మీ మేనల్లుడే అయిన,
అజేయి

తా.క.: ఉత్తరం మడిచాక మళ్ళీ విప్పాను. రెండు సంగతులు దాచాను.

కార్డులు మూడు వందలూ ఈ పొద్దున ట్రోట్రో వ్యాన్లలో ఊళ్ళకు వెళ్ళిపోయాయి. తెల్లవే. అంచున పలచటి నీలం, నడుమ నల్ల ముద్ర. మీ ఆజ్ఞ కోసం వేసినది ఆ ఒక్క ఎర్ర కార్డే. ఈపాటికి ఊళ్ళన్నీ తెల్లబట్టలు ఉతుక్కుంటూ ఉంటాయి.

రెండోది రాయడానికి చెయ్యి రావడం లేదు. అమ్మ తెల్లవి వెయ్యమని చెప్పలేదు. ఆ మాట నేనే పుట్టించాను. ఏ రంగు వెయ్యమంటావని నేనడిగింది మాత్రం నిజం. ఆవిడ నవ్వి, “నేను చూడొస్తానా ఏంటి? మీ మామయ్య ఏదంటే అదే వెయ్యి. వాడితో మాత్రం పోట్లాడకురా. వాణ్ణి చంకనెత్తుకుని పెంచాను, నేను పోతే వాణ్ణి కోప్పడేవాళ్ళు ఉండరు” అంది.

ఆవిడ చెప్పిన రెండు మాటల్లో నేను ఒక్కటీ వినలేదు. మొదటిది ఇప్పుడు దిద్దడానికి వీల్లేదు, వీలున్నా దిద్దను. ఆ శనివారం మీరు ఎర్రబట్టలో వచ్చినా సరే, నేను వచ్చి మీ పక్కనే కూర్చుంటాను. లేచి పొమ్మన్నా పోను.