వెనక వరుస పలకలు

మహబూబ్‌నగర్,
జనవరి, 1963

ప్రియమైన యాదలక్ష్మికి,

ఈ ఉదయం కిటికీ చట్రం మీద సున్నం పొడి కనబడింది. పక్క క్లబ్బు వాళ్ళు సాయంత్రాలు టెన్నిసు బంతిని మా గోడకే కొట్టి సాధన చేస్తారు. దెబ్బ దెబ్బకూ సున్నం రాలుతుంది. నేను ఇంట్లో ఆడపిల్లలకు చదువు చెప్పేది సరిగ్గా ఆ వేళే.

మేకలు కాసుకునే బీరమ్మ తన బిడ్డ సుక్కమ్మను మాన్పిస్తానంటోంది. "గీ చప్పుడుల ఏం సదువుతది? మేకల ఎంటవోతెనే నయం." ఏడో తరగతి పరీక్ష దగ్గర పడింది. ఈ పిల్ల ఆగిపోతే మళ్ళీ చదవదు.

ఆ వేళ ఆపించమని క్లబ్బు సెక్రటరీ దశరథం గారిని అడిగాను. "చప్పుడును ఏ సేరుతోని కొలుస్తవమ్మా? కొలిచి తీస్కరా, బంద్ చేయిస్త" అని నవ్వారు.

నీ అండాలు


కొత్తకోట

ఏమే అండాలూ,

నువ్వు ఒక మగమనిషి ఎదుట నోరు విప్పావా! మా అమ్మకు చదివి వినిపిస్తే "మన అండాలేనా గిది?" అంది.

కొలత అడిగాడుగా, ఇచ్చెయ్. మన కాన్వెంటులో రేకుల మీద వాన పడిన రోజు సిస్టర్ డిక్టేషన్ చెబితే వెనక బెంచీలో మనకెన్ని మాటలు పోయేవి? ఆ లెక్కే కొలత.

నీ యాది


మహబూబ్‌నగర్

ప్రియమైన యాదీ,

నువ్వన్నట్టే చేశాను. ఆట లేని సోమవారం ఒక పాఠం, ఆట ఉన్న మంగళవారం ఒక పాఠం చెప్పి రాయించాను. సోమవారం వెనక వరుసలో తప్పుల్లేవు. మంగళవారం పలకల నిండా ఖాళీలే.

ఆ పలకలు క్లబ్బుకు తీసుకెళ్ళి చూపిస్తే దశరథం గారు, "గిది బంతి తప్పు గాదు. నీదే పిల్లిగొంతు, పిల్లలకెట్ల ఇనబడ్తది?" అన్నారు. క్లబ్బులో అందరూ నవ్వారు. సోమవారం చదివింది కూడా ఈ గొంతే కదా అనాలి. అనలేకపోయాను. బీరమ్మ శనివారం దాకా చూస్తానంది.

అండాలు


కొత్తకోట

అండాలూ,

ఆ మాట నాకు రాస్తే ఏం లాభమే? ఆయనకు చెప్పు. పిల్లల పలకలు నమ్మకపోతే ఆయన చేతికే పలక ఇవ్వు.

యాది


మహబూబ్‌నగర్

నా యాదికి,

శుక్రవారం మళ్ళీ వెళ్ళి, "మీరే వచ్చి వెనక కూర్చుని రాయండి" అన్నాను. తమాషాకు వచ్చి చాప మీద కూర్చున్నారు. బయట బంతి మోగుతూనే ఉంది. నేను గొంతు పెంచలేదు. "తుంగభద్ర ఒడ్డున గొర్రెల మంద నీళ్ళు తాగింది" అని చదివాను. ఆయన పలక తీసుకుని పైకి చదివాను. తుంగభద్ర ఉంది, నీళ్ళు ఉన్నాయి. గొర్రెలు లేవు.

గుమ్మంలోంచి బీరమ్మ, "సారూ, మందంత ఏడ వోగొట్టినవ్?" అంది. పిల్లలు పకపకా నవ్వారు.

ఆయన కిటికీ దగ్గరికి పోయి, "అరే, జర ఆపుండ్రి!" అని కేకేశారు. ఇంకో వాక్యం చదివాను. ఒక్క మాట పోకుండా రాశారు.

"గొంతు పెంచినవా?"

"లేదండీ, అదే గొంతు."

పలక నా చేతికిచ్చి, "మీ పాఠమయ్యేదాంక గోడ ముట్టరు" అన్నారు. సుక్కమ్మ శనివారం తరవాత కూడా వస్తుంది.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. పోయినేడు మన కాన్వెంటులో టీచరు పనికి వెళ్ళాను. నా గొంతు వెనక బెంచీకి అందదని తీసుకోలేదు.

నీ అండాలు