సీసాలు మళ్ళీ లోపలికి తెచ్చాను

ఇర్వింగ్, టెక్సాస్
ఆదివారం మధ్యాహ్నం

అన్నయ్యకి,

నీ చెల్లెలు సత్యవతి రెండు చేతులా దణ్ణం పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, మీ బావగారూ, పాప సునీతా బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, వదినా, పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? వాన పడుతుంటే చెట్టెక్కొద్దని వదిన చెప్పినా నువ్వు వినవని తెలుసు. అయినా నేనూ చెబుతున్నాను.

కిందటి ఉత్తరంలో ఒక మాట రాశావు. అక్కడ అందరూ పెద్దింటివాళ్ళు, నేను కల్లు గీస్తానని ఎవరితోనూ అనకు, కొబ్బరి వ్యాపారమని చెప్పు అని. అన్నయ్యా, నేను చెప్పేశాను. ఎలా చెప్పానో వరసగా రాస్తాను. కోప్పడాలనుకుంటే మొత్తం చదివాక కోప్పడు.

మా కింది వాటాలో హెలెన్ అని ఒక పెద్దావిడ ఉంది. భర్త పోయాడు. ఆయన ఇంట్లోనే బీరు కాచుకునేవాడట. ఇక్కడ ఇంటి వాడకానికి కాచుకోవచ్చని ఈ మధ్యనే చట్టం ఒప్పుకుంది కానీ, వాళ్ళ జర్మనీ తాతల నాటి నుంచీ కాస్తూనే ఉన్నామని ఆవిడ దాపరికం లేకుండా చెబుతుంది. ఒకరోజు మెట్ల దగ్గర కనబడి, ఆయన సీసాలు పెట్టెలకొద్దీ ఉన్నాయి, పారేయడానికి మనసొప్పడం లేదు, నీకు కావాలా అంది. నేర్పుతారా అన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు. ఆసుపత్రి ల్యాబ్‌లో పగలంతా గాజు గొట్టాలతోనే కదా నా పని, ఇంటికొచ్చి మళ్ళీ గాజేనా అని మీ బావగారు నవ్వారు.

మొదటిసారి కాచినప్పుడు ఈస్టు పొంగి వంటింట్లో వాసన వచ్చింది. అదే వాసన అన్నయ్యా, తెల్లవారి నువ్వు దింపిన కుండ మూత తీస్తే వచ్చేది. ఈ ఊళ్ళో ఇన్నేళ్ళలో ఎప్పుడూ మన ఇల్లు అంత దగ్గరగా అనిపించలేదు. స్టవ్ దగ్గర నిలబడి ఏడ్చాను. దిగులు పడకు, సంతోషంతోనే.

తప్పు సీసాల దగ్గర జరిగింది. ఆ సీసాలు ఏళ్ళ తరబడి గరాజ్‌లో ఉన్నవి. అడుగున ఎండిన మడ్డి, మెడ దగ్గర బూజు, కొన్నింట్లో సాలీళ్ళు. సబ్బునీళ్ళతో కడిగి తెల్లగా ఉన్నాయి కదా అని బీరు పోసి మూతలు బిగించేశాను. చల్లగా ఉంటుందని బట్టల అలమరలో పెట్టాను.

ఆ ఆదివారం మా ఇంట్లో భోజనాలు. నెలకొకరి ఇంట్లో తెలుగువాళ్ళం కలుస్తాం. పులిహోర వడ్డిస్తుంటే పడకగదిలో తుపాకీ పేలినట్టు చప్పుడు. వెంటనే ఇంకొకటి. వెళ్ళి చూస్తే అలమర తలుపు కింది నుంచి నురగ కారుతోంది, నా పట్టుచీర మీద గాజు ముక్కలు. నా వెనకే రాజ్యలక్ష్మిగారు వచ్చింది. డాక్టరుగారి భార్య, ఇక్కడ అందరికీ పెద్దదిక్కు. ఆవిడ పుట్టిల్లు మన పక్క ఊరే కాబట్టి మనమెవరమో ఆవిడకి మొదటి నుంచీ తెలుసు. తలుపు దగ్గరికి వేసి, నాతోపాటు గాజు ఏరుతూ, ప్రేమగానే అంది.

“నువ్వు చదువుకున్నదానివి సత్యా. ఆ పాత వాసనలు ఇక్కడిదాకా ఎందుకు మోసుకొస్తావు? మీవాళ్ళ సంగతి నేనెవరికీ చెప్పనులే.”

తిట్టి ఉంటే ఊరుకునేదాన్నేమో. ఆ ‘చెప్పనులే’ అన్నది గుచ్చుకుంది. మనం దొంగతనం చేసినట్టూ, ఆవిడ దయతలచి కాపాడుతున్నట్టూ.

గాజు ముక్కలు ఎత్తుకుని హాల్లోకి వచ్చాను. ఏమిటా చప్పుడు, ఏమిటా వాసన అని అందరూ అడుగుతున్నారు. బీరు, నేనే కాచాను అన్నాను. ఎవరో నవ్వారు. అప్పుడు చెప్పాను.

“మా నాన్న తాటిచెట్టెక్కి కల్లు గీసేవాడండీ. మా అన్నయ్య ఇప్పటికీ గీస్తాడు. నన్ను చదివించింది ఆ చెట్లే.”

అందరూ నన్ను కాదు, మీ బావగారిని చూశారు. ఎందుకంటే నాన్నకి పెద్ద కొబ్బరితోట ఉండేదని ఆయన ఇక్కడ అందరికీ చెప్పి ఉన్నారట. నువ్వు చెప్పమన్న అబద్ధం నీకంటే ముందే ఆయన చెప్పేశారు. ఆయన ముఖం కందగడ్డలా అయింది. రాజ్యలక్ష్మిగారు పెరుగన్నం తినకుండానే లేచింది.

మర్నాడు సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి సీసాల పెట్టెలు ఇంట్లో లేవు. పార్కింగ్ చివర చెత్త డబ్బా పక్కన పేర్చి ఉన్నాయి. నేను చెప్పులు కూడా మార్చుకోకుండా వెళ్ళి ఒక్కొక్క పెట్టే మోసుకొచ్చాను. మా వాటా పై అంతస్తు. ఆయన బాల్కనీలో నిలబడి చూస్తున్నారు. దిగి రాలేదు, వద్దనలేదు. చివరి పెట్టె గుమ్మంలో దింపాక, నీ మర్యాద కోసమే అలా చెప్పాను అన్నారు.

“మా నాన్నకి లేని తోట మీరెందుకు రాసిచ్చారు?” అన్నాను. “ఆయన ఎక్కిన చెట్లు చాలవా?”

ఆయన గుమ్మంలోనే కూర్చుని చెప్పుకొచ్చారు. వాళ్ళ తాతా గీతపనే చేసేవాడు కదా, ఆ సంగతి హైదరాబాదులో చదువుకునేటప్పుడు హాస్టల్లో కూడా ఎవరికీ చెప్పలేదట. చెప్పకపోవడం అలవాటైపోయింది సత్యా అన్నారు. ఆ ముఖం చూస్తే జాలేసింది కానీ, సీసాలు మాత్రం వదలనన్నాను. ఈ ఇంట్లో అవీ ఉంటాయి, నేనూ ఉంటానన్నాను.

ఈసారి సీసాలు ఎలా కడగాలో హెలెన్ దగ్గర కూర్చుని మొదటి నుంచీ అడిగాను. లోపల మిగిలిన మడ్డికి బీరు సీసాలోనే మళ్ళీ పులిసి పొంగి పేలిందట. స్నానాల తొట్టిలో వేడినీళ్ళు పట్టి చాకలిసోడా కలిపి నానేస్తే పైన అంటించిన కాగితాలు వాటంతటవే ఊడివస్తాయి. తర్వాత పొడుగాటి బ్రష్ పెట్టి లోపల రుద్దాలి. ఒక్కొక్కటీ కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడాలి. మెడ దగ్గర చిన్న మచ్చ ఉన్నా మళ్ళీ నీళ్ళలోకే. అంచు పగిలినవీ, మరమూతవీ పనికిరావు. కంటికి శుభ్రంగా ఉన్నంత మాత్రాన చాలదు, బ్లీచు కొంచెం కలిపిన నీళ్ళలో ముంచి ఉంచి, కాచి చల్లార్చిన నీళ్ళతో వాసన పోయేదాకా కడిగి బోర్లించాలి. ల్యాబ్‌లో రోజూ చేసే పనే, ఇంట్లో అశ్రద్ధ చేశాను.

నేను తొట్టి పక్కన పీట వేసుకుని రుద్దుతుంటే మీ బావగారు వచ్చి చొక్కా చేతులు మడుచుకున్నారు. ఒక సీసా తీసుకుని వెలుతురులో చూసి, ఇందులో ఇంకా మడ్డి ఉంది అని నాకే తిరిగి ఇచ్చారు. ఆ తర్వాత ఇద్దరం నడుములు నొప్పి పుట్టేదాకా కడిగాం.

నాతో పనిచేసే మేరీ కూడా ఒకరోజు వచ్చింది. నర్సు, బాపట్ల వైపు అమ్మాయి, ప్రతి ఆదివారం తెలుగు చర్చిలో పాడుతుంది. “నేను తాగను గానీ కడుగుతాను, సత్యక్కా” అని కూర్చుంది. మీ చర్చిలో తెలిస్తే ఏమంటారే అని అడిగాను. సీసా కడగడం పాపమని ఎక్కడా చదవలేదంది.

ఆ సీసాల్లో కొత్తగా కాచిన బీరు పోశాను. మా వంతు భోజనాలు మళ్ళీ వచ్చాయి. అందరినీ పిలిచాను, రాజ్యలక్ష్మిగారినీ పిలిచాను. ఆవిడ రాలేదు. ఇంకో రెండు కుటుంబాలు కూడా రాలేదు. రాజ్యలక్ష్మిగారింట్లో వ్రతానికి మాకు పిలుపూ లేదు. బాధ లేదంటే అబద్ధం. ఇన్ని వేల మైళ్ళు వచ్చాక తెలుగు మాట వినబడే ఇల్లు ఒక్కటి తగ్గినా తెలుస్తుంది. వచ్చినవాళ్ళ ముందు మాత్రం సీసాలు బల్ల మీదే పెట్టాను. ఒక్కటీ పేలలేదు. ఎవరో బాగుందని మెచ్చుకుంటే, మీ బావగారే అన్నారు, మా బావమరిది దింపే కల్లు ముందు ఇదెంతండీ అని. అందరి ముందూ, గట్టిగా. అన్నయ్యా, ఆ మాట నువ్వు వినాల్సింది.

కాబట్టి ఇకమీదట నన్ను అబద్ధం చెప్పమని రాయకు. నీ కూతురి సంబంధాలకి అడ్డొస్తుందని నీ భయం, నాకు తెలుసు. తాతా తండ్రీ చేసే పని విని వెనక్కిపోయే సంబంధం మనకెందుకు? దాన్ని బాగా చదివించు, పుస్తకాలకి ఏం కావాలన్నా నాకు రాయి.

వదినని అడిగానని చెప్పు. ఆవిడ పెట్టిన మాగాయ పచ్చడి అయిపోయింది, ఇటు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే కొంచెం పంపమను. పెద్దమావయ్యకీ అత్తయ్యకీ నా దణ్ణాలు. పిల్లలకి ముద్దులు. మమ్మల్ని ముగ్గురినీ దీవించు.

ఇంకొక్కటి. నీ ఫోటో ఒకటి కావాలి. స్టూడియోలో కోటు వేసుకుని దిగింది వద్దు. నడుముకి మోకు, చేతిలో కత్తి, చెట్టు మీద ఉన్నది కావాలి. కొంచెం పెద్దదిగా తీయించు, మా హాల్లో గుమ్మానికి ఎదురుగా పెడతాను.

నీ చెల్లెలు,
సత్యవతి