పాట అయ్యాక శ్రుతి

సారా అక్కా,

నువ్వు పోయాక ఇవాళే మొదటిసారి పాడాం. ఫరీదాబాద్ చర్చి హాల్లో, మనం నలుగురం నిలబడే చోటే. కల్యాణి రాగంలో మన కీర్తన, మధ్యలో నువ్వు కలిపిన జాజ్ పోకడలతో సహా. ఎప్పటిలాగే వాయిద్యాల్లేవు, ఉత్త గొంతులే.

అడుగున నీ మంద్రం పాడింది రియా. మన వార్డులో చేరిన కొత్త నర్సు. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు హిందీలోనే ఇస్తుంది. స్టేజీ ఎక్కే ముందు నా చెయ్యి పట్టుకుని, "దీదీ, డర్ లగ్ రహా హై" అంది.

"నాక్కూడా భయంగానే ఉంది" అన్నాను.

నీ గొంతు ఆసరా లేకపోతే పాట సగానికే శ్రుతి జారిపోతుందని నా భయం. నువ్వున్నప్పుడే జారేవాళ్ళం కదా! పాట అవగానే నువ్వు ఫోన్‌లో మనం మొదలుపెట్టిన శ్రుతికే తంబురా పెట్టి, చెవికి ఆనించుకుని, "మళ్ళీ జారారే పిల్లలూ" అని నవ్వేదానివి.

ఇవాళ ఆ పని నేను చేశాను. చప్పట్లు మోగుతుండగానే ఫోన్ చెవికి ఆనించుకుని, మేం ఆగిన షడ్జాన్ని, ఆ చివరి 'స'ని, లోగొంతుకతో పట్టి చూశాను. సరిగ్గా కలిసింది. వెంట్రుకవాసి కూడా జారలేదు. నువ్వు లేకపోయినా పాట నిలబడింది.

అప్పుడు వేసిందక్కా నాకు అసలు భయం. పాటకు ముందు కూడా అంత భయం వేయలేదు.

ముగ్గురూ నా మొహంలోకే చూస్తున్నారు. "దీదీ, ఠీక్ థా నా?" అంది రియా, బాగానే పాడాం కదా అన్నట్టు.

"కొంచెం జారింది" అన్నాను.