తొమ్మిది రోజులు, ఒకే సంచి, కురసావ్

జనవరి 11, ఆదివారం. రోటర్‌డామ్. ఉదయం 8

బయట పడుతున్నది మంచూ కాదు, వానా కాదు. నిర్ణయం తీసుకున్నాను. మార్చి 6 నుంచి 14 వరకు అమ్మ పుట్టిన దీవి కురసావ్‌కి వెళ్తున్నాను. చుట్టాల్ని చూడడానికి కాదు. సెలవుకి!

తర్వాత మనసు మారకుండా కారణం రాసిపెట్టుకోవాలి. మా దీవికి ఇప్పటికి మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ అమ్మ తరఫు పదకొండు ఇళ్ళకు మూటలు పంచాను. ప్రతి ఇంట్లో మేకమాంసం కూర తిన్నాను. ప్రతి ఇంట్లో వాళ్ళకొచ్చిన సర్కారు ఉత్తరాలు చదివిపెట్టాను. అవన్నీ డచ్చిలోనే వస్తాయి, వాళ్ళకేమో ఆ భాష సరిగ్గా చదవడం రాదు. మా కుటుంబంలో కాలేజీ దాకా చదివింది నేనొక్కదాన్నే కదా. సముద్రంలో మాత్రం కాలు పెట్టలేదు. బళ్ళో నేర్పిన ఈత ఇప్పటికీ క్లోరిన్ నీళ్ళు తప్ప ఏమీ చూడలేదు.

మా ఆఫీసులో మార్లూస్ అనే డచ్చి అమ్మాయి ఒక్కసారి వెళ్ళొచ్చింది. తాబేళ్ళ పక్కన ఈదిందట. మొన్న భోజనాల దగ్గర, మీ దీవిలో నీకు ఏ బీచ్ ఇష్టమని అడిగింది. అంతకుముందు ఆమె చెప్పిన పేరే నేనూ చెప్పాను. సిగ్గేసింది.

నియమాలు:
1. ఎవరికీ చెప్పకూడదు.
2. హోటల్లోనే ఉండాలి.
3. ఒకే చేతిసంచి. ఎవరి మూటలూ మోయకూడదు.
4. రోజూ సముద్రం.

జనవరి 14. సాయంత్రం 6

టికెట్ కొన్నాను. గది తీసుకున్నాను. మంచం మీంచే సముద్రం కనిపిస్తుందట. ఫొటో ఏడుసార్లు చూశాను. తొమ్మిది రోజులకు పట్టిక వేశాను. ఉదయం గడిలో "సముద్రం". మధ్యాహ్నం గడిలో "సముద్రం". సాయంత్రం గడి ఖాళీగా ఉంటే బాగాలేదని అక్కడ కూడా "సముద్రం" అని రాశాను.

జనవరి 25, ఆదివారం

అమ్మ దగ్గర భోజనం. మార్చిలో ఉట్రెక్ట్‌లో ఆఫీసు ట్రైనింగ్ ఉందని చెప్పాను. తొమ్మిది రోజులా అంది. అవునన్నాను. నేను చెయ్యి కడుక్కుని వచ్చేలోపు పక్కింటావిడకు చెప్పేసింది, మా అమ్మాయిని ఏరికోరి ట్రైనింగ్‌కి పంపుతున్నారని. అమ్మ ఇరవై ఆరేళ్ళుగా ఆసుపత్రి నేల తుడుస్తోంది. ఆ ముఖం చూశాక కేకు ముక్క గొంతు దిగలేదు. రెండో ముక్క దిగింది.

ఫిబ్రవరి 8

దాచి 28 రోజులు. అద్భుతం. ఎవరికీ అనుమానం లేదు. రహస్యం దాచడం ఇంత తేలికని తెలిస్తే ఇంకో రెండు దాచేదాన్ని.

ఫిబ్రవరి 21, శనివారం

ఘోరం జరిగింది. వివరంగా రాస్తున్నాను.

ఉదయం 10. ఎనిడ్ దగ్గర జడలు అల్లించుకోవడానికి కూర్చున్నాను. రోటర్‌డామ్‌లోని సగం కురసావ్ ఆడవాళ్ళ తలలు ఆమె చేతిలోనే ఉంటాయి. సన్నగానా లావుగానా అని అడిగింది. సన్నగా, గట్టిగా, ఉప్పునీళ్ళలో నానినా ఊడకుండా అన్నాను. అన్నాక తెలిసింది ఏమన్నానో.

ఎనిడ్ ఇంకో మూడు జడలు అల్లింది.

"ఎప్పుడు బయల్దేరుతున్నావమ్మాయ్?"

"ఎక్కడికీ లేదక్కా. ఉట్రెక్ట్‌లో ట్రైనింగు."

"ఉట్రెక్ట్‌కి సముద్రం ఎప్పుడొచ్చింది?"

చలికాలంలో మావాళ్ళలో ఆడపిల్ల సన్నజడలు అల్లించుకుంటే ఒకటే అర్థం, దీవికి ప్రయాణమని. ఇది పుట్టినప్పటినుంచీ తెలుసు నాకు. చదువు ఎక్కువైతే ఇలాంటివే మర్చిపోతారు కాబోలు. మధ్యాహ్నం రెండింటికి కుర్చీలోంచి లేచేసరికి హోటలు సంగతి కూడా చెప్పేసి ఉన్నాను. 2:40కి ఎర్సిలియా పెద్దమ్మ ఫోన్. ఏ తేదీ, ఎన్ని కిలోలు. 4:05కి అమ్మ.

"హోటలంట."

"అవునమ్మా."

"మీ అమ్మమ్మ ఇంటికి పైకప్పు ఉంది కదా?"

"ఉందమ్మా."

"సరే. అదే కనుక్కుందామని."

పెట్టేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి 22

నియమాలు సవరించాను. ఒకటో నియమం: ఎవరూ అడగకపోతే చెప్పకూడదు. మూడో నియమం: చిన్న చిన్న వస్తువులు మూటల కిందికి రావు. హోటల్ విషయంలో తగ్గేది లేదు.

ఫిబ్రవరి 24. సాయంత్రం 5:30

పెద్దమ్మ చిన్న వస్తువు తెచ్చింది. దీవిలో ఉన్న బోనిఫాస్ మావయ్యకు టాయిలెట్ సీటు. మూత చప్పుడు కాకుండా మెల్లగా పడుతుంది. నాలుగుసార్లు వేసి చూపించింది.

"అక్కడ దొరకదా పెద్దమ్మా?"

"దొరుకుతుంది. కానీ ఇది ఇక్కడిది."

దీనికి జవాబు ఏ యూనివర్సిటీలోనూ చెప్పలేదు.

ఫిబ్రవరి 26

ఇప్పటిదాకా వచ్చినవి: టాయిలెట్ సీటు. గుండ్రటి చీజులు నాలుగు. దీవిలో ఎవరి పెళ్ళికో, పెళ్ళికూతురి తోడు పిల్లలకు ఊదారంగు చెప్పులు, ఆరు జతలు. వినికిడి మిషన్ బ్యాటరీలు. కుట్టు మిషన్ మోటారు. ఎవరిదో పళ్ళసెట్టు, డబ్బాలో. పేరు రాసి లేదు. "వాళ్ళే చూసి గుర్తుపడతారు" అంది పెద్దమ్మ.

చేతిసంచి చాలదు. 23 కిలోల పెట్టె తీసుకున్నాను. ఇది ఓటమి కాదు, ఏర్పాటు.

మార్చి 1, ఆదివారం

అమ్మమ్మ వీడియోలో కనిపించింది. హోటల్ గురించి ఒక్క మాట లేదు. ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిప్పింది. నా గదికి కొత్తగా సున్నం వేయించింది. పొరుగింటినుంచి ఫ్యాన్ అరువు తెచ్చింది. "గాలి బాగానే వస్తుంది, చూడు" అని ఫ్యాన్ ముందు నిలబడింది. తలగుడ్డ ఎగిరిపోయింది.

హోటల్ మంచాలు నడుముకు మంచివి కావని చదివాను. ఎక్కడ చదివానో గుర్తులేదు. హోటల్లో నాలుగు రాత్రులు చాలు.

మార్చి 3

ఆ నాలుగూ లేవు. హోటల్లో బుకింగులు చూసేది పెద్దమ్మ మరిది కొడుకట. నా ఇంటిపేరు చూశాడు, పెద్దమ్మకు ఫోన్ చేశాడు, గది రద్దు చేశాడు. "మనవాడు కాబట్టి పైసా కోయలేదు, వాడికో చీజు తీసుకెళ్ళు" అంది పెద్దమ్మ సంతోషంగా. చీజులు ఐదు.

పట్టికలో మధ్యాహ్నం గడులు చెరిపాను. ఉదయాలు, సాయంత్రాలు ఇంకా ఉన్నాయి.

మార్చి 5

రెండు పెట్టెలు. నా బట్టలు చేతిసంచిలోకి మార్చాను. ఈత దుస్తులు అడుగున, వాటిమీద చీజు. అమ్మ వచ్చి పెట్టెలు ఎత్తి చూసి, భుజం తట్టి వెళ్ళింది. ఆమె నన్ను క్షమించిందో, బరువు సరిపోయిందో తెలియలేదు.

మార్చి 7. బార్బర్ ఊరు, అమ్మమ్మ ఇల్లు. సాయంత్రం 7

పొద్దున తలుపు తీసేసరికి వరండాలో తొమ్మిది మంది. ఒక్కొక్కరి చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, సంచినిండా డచ్చి ఉత్తరాలు. నేను ఎప్పుడో ఒకప్పుడు రాకపోతానా అని ఏడాదివి దాచిపెట్టారట.

వాళ్ళలో ఎస్తానిస్లావ్ తాత అనే పాత నావికుడు ఒక ఉత్తరం విప్పకుండా అక్టోబరునుంచి దాచాడు. అందులో పింఛను ఆపేస్తామని రాశారేమోనని ఆయన భయం. చదివాను. ఆఫీసు చిరునామా మారిందని రాశారు, అంతే. మళ్ళీ చదవమన్నాడు. చదివాను. గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. "ఐదు నెలలుగా సరిగ్గా తినలేదు తల్లీ" అన్నాడు.

నిజం రాయాలి. చాలా గర్వంగా అనిపించింది. రేపు కూడా రమ్మని అందరికీ నేనే చెప్పాను.

సముద్రం: 0 గంటలు. ఉత్తరాలు: 6 గంటలు.

మార్చి 9

సముద్రం 0. పళ్ళసెట్టు యజమాని దొరికాడు. రేపు తప్పకుండా.

మార్చి 10

రేపు తప్పకుండా.

మార్చి 12. బీచ్!

వచ్చాం. మూడు కార్లు, పద్దెనిమిది మంది, నాలుగు గిన్నెలు. సముద్రం నలభై అడుగుల దూరం. ఈత దుస్తుల మీద గౌను వేసుకుని సిద్ధంగా ఉన్నాను. కారు దిగగానే బోనిఫాస్ మావయ్య చెట్టు నీడలో కుర్చీ వేసి, ఇంటి పన్ను కాగితాలు ఒళ్ళో పెట్టాడు. "గాలి తగులుతుంది, ఇక్కడైతే హాయిగా చదువుకోవచ్చు."

చదివి తలెత్తేసరికి అందరూ తడిసి, తిని, తువ్వాళ్ళు దులుపుతున్నారు. అమ్మమ్మ చేపలకూర గిన్నె పక్కన, బూట్లు విప్పకుండా కూర్చుని ఉంది.

"ఆ హోటల్లో మంచం మీదినుంచే నీళ్ళు చూడొచ్చన్నావట. నిజమేనా?"

"నిజమే అమ్మమ్మా."

"లేచి ఎవరికీ ఏమీ పెట్టక్కర్లేదా?"

"వాళ్ళే తెచ్చిపెడతారు."

గరిటెతో గిన్నెలో సంకటి సర్దింది. డెబ్బై ఎనిమిదేళ్ళలో ఈ బీచ్‌కి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదట. ప్రతిసారీ గిన్నెలతోనే. తను నీళ్ళలోకి దిగితే వడ్డించేవాళ్ళు ఎవరని ఎప్పుడూ దిగలేదట.

"వచ్చే ఏడు నన్నూ తీసుకెళ్ళు" అంది, గొంతు తగ్గించి. "మనిద్దరమే. మీ అమ్మకు చెప్పకు."

మార్చి 14. కురసావ్ విమానాశ్రయం. మధ్యాహ్నం 3

నిర్ణయం తీసుకున్నాను. వచ్చే మార్చి. తొమ్మిది రోజులు. ఈసారి ఖచ్చితంగా!

నియమాలు:
1. ఎవరికీ చెప్పకూడదు.
2. దీవికి ఆ చివర హోటల్. గది అమ్మమ్మ ఇంటిపేరు మీద. ముందుగా అక్కడ మనవాళ్ళెవరూ పనిచెయ్యడం లేదని కనుక్కోవాలి.
3. కాగితం ముక్క ముట్టుకోకూడదు. ఎస్తానిస్లావ్ తాతవి తప్ప.
4. మొదటి రోజే ఇద్దరం నీళ్ళలోకి దిగాలి. అమ్మమ్మ చెయ్యి నేను పట్టుకోవాలి.

చదివి వినిపిస్తే అమ్మమ్మ నాలుగింటికీ తలూపింది. ఇంత గట్టి మనిషి తోడుంటే ఈసారి పథకం చెడే ప్రశ్నే లేదు. ఇప్పుడు ఆ స్తంభం పక్కన నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. "నీకొక్కదానికే చెబుతున్నా. ఎవరితోనూ అనకు."