ఏడో నంబరు సీసా

నవంబర్ 3, సోమవారం

పదో తరగతికి కెమిస్ట్రీ కోర్సు రాయడం మొదలుపెట్టాను. ఫిబ్రవరిలో స్కూలు తెరిచిన దగ్గర్నుంచి మగపిల్లలకీ ఆడపిల్లలకీ కూడా. ఇన్నేళ్ళుగా ఈ స్కూల్లో ల్యాబ్ మగపిల్లలది, కుట్టుమిషన్లు ఆడపిల్లలవి. ఇక అలా కుదరదు. నేనుండగా కుదరదు.

ప్లాన్ మీద ప్రిన్సిపాల్ సంతకం పడాలి. 21వ తేదీ విమానంలో అది రాజధాని నుకుఅలోఫాకి, ఈ స్కూలు నడిపే చర్చి మిషన్ ఆఫీసుకి వెళ్ళాలి. వెళ్ళకపోతే పాత టైమ్‌టేబులే, అంటే ఆడపిల్లలకి మళ్ళీ కుట్టుమిషన్లే.

ప్రిన్సిపాల్ సొసాయా మా పిన్ని కొడుకు. నాకు తమ్ముడు. ఊహ తెలిశాక మేమిద్దరం ఒక గదిలో ఒంటరిగా కూర్చున్నది లేదు; ఇక్కడ అక్కాతమ్ముళ్ళకి అది నిషిద్ధం. వాదించుకున్నది అసలే లేదు. స్టాఫ్ మీటింగులో అతను ఆ చివర, నేను ఈ చివర. ఏం చెప్పుకోవాలన్నా మధ్యలో ఆఫీసు క్లర్కు ఫినౌ ఉండాల్సిందే.

నవంబర్ 4, మంగళవారం

చిక్కల్లా ఇది. ల్యాబ్ ఒక్కటే. తూకం మిషను ఒక్కటే. క్లాసంతా అన్నాచెల్లెళ్ళు. మేనమామ కూతురైనా, చిన్నాన్న మనవరాలైనా, ఈ దీవిలో అందరూ చెల్లెళ్ళే. ఇద్దర్నీ ఒకే బెంచీ దగ్గర నిలబెడితే ఇద్దరూ నేల చూస్తూ నిలబడతారు. బర్నర్ ఎవరు చూస్తారు?

మధ్యాహ్నం చేమదుంప చెక్కు తీస్తుంటే తట్టింది. ఆదివారం గొయ్యి తవ్వి, రాళ్ళు కాల్చి, ఉము వండేదెవరు? మగపిల్లలు. మొదటి పళ్ళెం ఎవరింటికి వెళ్తుంది? అక్క ఇంటికి. బాగుందో లేదో చెప్పేదెవరు? అక్కే.

ఇంకేం. పొద్దున మగపిల్లలు సీసాలో ఉప్పునీళ్ళు కలిపి, ఎంత ఉప్పు వేశారో లేబుల్ మీద రాసి వెళ్ళిపోతారు. చివరి పీరియడ్‌లో ఆడపిల్లలు వచ్చి, నీళ్ళు మరిగించి, మిగిలిన ఉప్పు తూచి, లేబుల్ నిజమో అబద్ధమో తేలుస్తారు. మర్నాడు అటుదిటు, ఆడపిల్లలు కలుపుతారు, మగపిల్లలు తేలుస్తారు. ఎవరి ముఖం ఎవరూ చూడక్కర్లేదు.

నా తెలివికి నేనే మెచ్చుకున్నాను. ఇంకెవరూ దగ్గర లేరు మరి.

నవంబర్ 7, శుక్రవారం

ప్లాన్ టైప్ చేసి ఫినౌ చేత సొసాయాకి పంపాను. చాలా బాగుంది అన్నాడట. సంతకం ఏదీ అంటే, ఆ మాట నన్నడిగితే నేనేం చెప్పను అంది ఫినౌ.

నవంబర్ 9

ఆదివారం. రాయకూడదు. దేవుడి రోజు, వంట తప్ప ఏ పనీ కూడదు. రాయట్లేదు.

నవంబర్ 11, మంగళవారం

ఫినౌ చేత మళ్ళీ అడిగించాను. ఈసారి అద్భుతం అన్నాడట. అని, ప్లాన్‌ని టేబుల్ మీంచి తీసి సొరుగులో పెట్టాడట. అద్భుతాలని ఎవరైనా సొరుగులో పెట్టుకుంటారా?

నాకర్థమైంది. ఆడపిల్లలు ల్యాబ్‌లో అడుగు పెట్టడం అతనికి ఇష్టం లేదు. ఫార్మసీ చదువుతానని సొంత కూతురు సిసిలియా ఏడాదిగా చెవినిల్లు కట్టుకుని పోరుతోంది, అయినా ఇష్టం లేదు. ఒళ్ళు మండిపోయింది.

ఫినౌ సలహా ఒకటి. వెళ్ళి వాళ్ళ గుమ్మంలో కూర్చో తల్లీ, అక్కవి, నిన్ను కాదంటాడా అంది. అనలేడు. మా అబ్బాయి పెళ్ళికి పందిని అడిగితే ఇచ్చాడు, చాపలు అడిగితే ఇచ్చాడు. కానీ ఇది పంది కాదు, కోర్సు. బాగుంది గనక సంతకం పడాలి, అక్క అడిగింది గనక కాదు. బాగుంది కూడా.

నవంబర్ 13, గురువారం

పరీక్షలైపోయిన పిల్లల్ని పోగేసి ఒక ట్రయల్ పెట్టాను. పొద్దున మగపిల్లలు కలిపారు, మధ్యాహ్నం ఆడపిల్లలు తేల్చారు. తేల్చడమంటే అలా ఇలా కాదు, ఉతికి ఆరేశారు. సిసిలియా వాళ్ళ మేనమామ కొడుకు పేరు మాకా; వాడు కలిపిన సీసా మీద ఆ పిల్ల రాసింది: ఇది ఉప్పునీళ్ళు కాదు, సముద్రం.

రేపు అటుదిటు.

నవంబర్ 14, శుక్రవారం

ఆడపిల్లలు కలిపారు, మగపిల్లలు తేల్చారు. అన్ని సీసాలూ కరెక్ట్. ఒక్క తప్పు లేదు.

అలా ఎలా ఉంటుంది? ఉప్పు రెండు చెంచాలు పడిపోయింది టీచర్ అని సిసిలియా పొద్దునే నా చెవిలో చెప్పింది. ఆ సీసా మాకాకి వచ్చింది. మరిగించాడు, తూచాడు. లేబుల్ మీద ఉన్నదానికి రెట్టింపు ఉప్పు తూకంలో నా కళ్ళారా చూశాను. వాడు మాత్రం లేబుల్ మీది అంకెనే దించాడు.

ఇదేంట్రా అన్నాను. తూకం పాడైందేమో టీచర్ అన్నాడు, నేల చూస్తూ. తూకం బాగానే ఉందిరా అన్నాను. అయితే నా కళ్ళు పాడయ్యుంటాయి అన్నాడు. వెనకున్న వాళ్ళందరూ బుద్ధిగా తలలూపారు. వాళ్ళ కళ్ళూ పాడయ్యాయట.

నవ్వు ఆగలేదు. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు. చెల్లెలు చేసిన దాంట్లో అన్న తప్పు పడతాడా? ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, నాకా మాత్రం తెలియలేదా?

నవంబర్ 17, సోమవారం

లేబుళ్ళు పీకేశాను. సీసాల మీద నంబర్లే. ఏ నంబరు ఎవరిదో, ఎంత ఉప్పు వేశామన్నారో, నా జేబులో చీటీ మీదే ఉంది.

అదే మాకా. ఏడో నంబరు సీసా మరిగించి, తూచి, నేను చీటీలోంచి చదివిన అంకె విని, ఇది కలిపినవాళ్ళకి చెంచా పట్టుకోవడం రాదు టీచర్ అన్నాడు. సిసిలియాదే. వాడు ఊహించలేదంటే నేను నమ్మను. కానీ సీసా మీద పేరు లేదు. పేరు లేకపోతే చెల్లెలూ లేదు.

సాయంత్రం 6

చాలా బాగుంది అన్నాడట. అద్భుతం అన్నాడట.

తూకం పాడైందేమో టీచర్.

అయ్యో సొసాయా.

నవంబర్ 18, మంగళవారం

ప్లాన్ మళ్ళీ టైప్ చేశాను. ఈసారి నా పేరు లేదు. పైన 7 అని మాత్రం రాశాను. ఎవరిదని చెప్పను అని ఫినౌ అడిగింది. తెలీదని చెప్పు అన్నాను. నన్ను ఎగాదిగా చూసింది. నిజమే, నాకూ తెలీదు అని, చంకలో పెట్టుకుని వెళ్ళింది.

నవంబర్ 19, బుధవారం

వచ్చింది. కాగితం నిండా ఎర్ర సిరా.

స్ఫటికాలు పెరగడానికి శనివారం పెడితే ఆదివారం ఎవరొచ్చి చూస్తారట, మిషన్ వాళ్ళు గేటు తీస్తారా అట. అక్టోబర్‌కి వాన నీళ్ళ ట్యాంక్ అడుగంటుతుంది, ఆ నెలలో గ్లాసులు కడిగే పని ఇంత పెట్టిన మహానుభావులెవరు అట. అన్నిటికన్నా కింద, మూడు గీతలు గీసి: ఫోవా దీవి ఆడపిల్లల ట్రక్కు చివరి పీరియడ్ అవకముందే పోతుంది. వాళ్ళు గాలివానలో రెండు దీవుల్నీ కలిపే కట్ట మీద నడిచి పోవాలా? మొదటి పీరియడ్ ఆడపిల్లలకి ఇవ్వాలి.

ఇవ్వాలి అన్నాడు. ఆడపిల్లలకి, మొదటి పీరియడ్. ఇష్టం లేనిది ఆడపిల్లలు రావడం కాదు, నేను రాసిన టైమ్‌టేబుల్. ఆ మాట నాతో చెప్పలేక సొరుగులో దాచుకుని కూర్చున్నాడు. నేనేమో ఇన్నాళ్ళూ మనసులో తిట్టిపోశాను.

చివర ఒక లైను. రాసినవారికి తెలివి ఉంది, ఓపిక లేదు.

కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది. ఆ తర్వాత ఎంత సంతోషం వేసిందంటే, లేచి వెళ్ళి మొహం కడుక్కోవాల్సి వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక నా తమ్ముడు నాతో పోట్లాడటం ఇదే మొదలు.

నవంబర్ 20, గురువారం

అన్నీ దిద్దాను, ఒక్కటి తప్ప. గ్లాసులు కడిగే పని మీద నీలం సిరాతో రాశాను: కడిగేది సముద్రపు నీళ్ళతో, ఆఖర్న ఒక్కసారే వాన నీళ్ళు. నాలుగో పేజీ చదివితే తెలిసేది. ఇట్లు, 7.

మధ్యాహ్నానికి ఎర్ర సిరాలో జవాబు: చదివాను. సరే.

నవంబర్ 21, శుక్రవారం

సంతకం పెట్టాడు. రాసినవారెవరో ఇప్పుడు పేరు పెట్టుకోవచ్చట, తాను మళ్ళీ చూడడట. పేరు పెట్టాను. కాగితాలు విమానం ఎక్కాయి. ఫిబ్రవరిలో మొదటి పీరియడ్ మాది.

నవంబర్ 23

ఆదివారం. రాయకూడదు.

సొసాయా ఇంటి నుంచి పళ్ళెం వచ్చింది, ఎప్పట్లాగే. ఎప్పుడూ ఎవరు వండారో చెప్పి పంపుతారు. ఈసారి చెప్పలేదు. అరిటాకు మీద బొగ్గుతో 7 అని ఉంది.

ఉప్పు ఎక్కువైంది. ఆ మాటే ఎర్ర సిరాతో రాసి పంపాను.