అమ్మ చెవిమిషను గోల

తమ్ముడూ, నేను బాగానే ఉన్నాను, బుర్రే వేడెక్కింది. మా రేడియో స్టేషన్‌లో మైకు గురగురను వడగట్టే పాత అనలాగ్ పెట్టె ఎండ ముదిరితే మొరాయిస్తోందని మేనేజరు డిజిటల్ ఫిల్టరు పెట్టించాడు. గురగుర పోయింది, నిజమే. కానీ అది లెక్కలు వేసుకుని పంపేలోగా మాట రవ్వంత ఆలస్యమవుతోంది. హెడ్‌ఫోన్‌లో తన గొంతే తనను వెనకనుంచి తరుముతుంటే వార్తలు చదివే ఆవిడకు నాలుక మడతపడి మధ్యలోనే ఆపేసింది. "అంతా చాదస్తం!" అన్నాడు మేనేజరు. నాకు ఒళ్లు మండి, "అయితే మీరే చదవండి సార్" అని హెడ్‌ఫోన్ ఆయన తలకు తగిలించాను. రెండో వాక్యానికే నత్తి వచ్చింది. రికార్డు చేసినవాటికి డిజిటల్, నేరుగా చదివేటప్పుడు పాత పెట్టె అని ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

అన్నట్టు, అమ్మ కొత్త డిజిటల్ చెవిమిషను తీసి పక్కన పడేస్తోందని, అదంతా చాదస్తమని నువ్వూ రాశావు. "నేనన్నదే ఎవరో మళ్లీ అంటున్నారు" అని ఆమె మొత్తుకుంటూనే ఉందట కదరా! రేపే కొన్నచోటికి తీసుకెళ్లి సరిచేయించు. మేడ మీద గది కురవడం ఆగిందా? మరదలికీ పిల్లలకీ నా ఆశీస్సులు.

పాపం, అమ్మ తన ప్రతి మాటా రెండేసిసార్లు వింటోంది. నువ్వు ఒక్కసారైనా విను.

– అక్క